ఎక్కే దారి ఎక్కడ? గంజాం తెలుగువాళ్లకు ఒడ్డు డైవింగ్ లెక్కలు

ఇంటి ముందు సముద్రం పెట్టుకుని స్కూబా కోసం అండమాన్ దాకా పోవాలా అని బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం కుర్రాళ్లు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. గోపాల్‌పూర్‌లో మాత్రం ఒడ్డు నుంచి సిలిండర్ వేసుకుని దిగే పని పెట్టుకోవద్దు. రైల్లో ఓ ఐదు గంటలు దక్షిణానికి వెళ్తే భీమిలి, విశాఖ మధ్య రాళ్ల ఒడ్డు వస్తుంది. అక్కడ రోజు మంచిదైతే, పక్కన నేర్పేవాడు ఉంటే, కొత్తవాళ్లకు కూడా కుదురుతుంది. ‘కొత్తవాళ్లకు అనువైన పది చోట్లు’ లాంటి జాబితాలు నమ్మి బయల్దేరితే చిక్కే. జనవరి ఉదయం పిల్లలు ఈదులాడే రాళ్ల మధ్య గుంట జూన్‌లో రుబ్బురోలు అవుతుంది. చోటుకు పేరుంటే చాలదు, దానికి ఓ రోజు, ఓ గంట కూడా ఉంటాయి. వాటిని ఎలా లెక్కగట్టాలో చెప్పడమే ఇక్కడి పని.

గోపాల్‌పూర్ ఎందుకు కాదు

గంజాం తీరం దాదాపు మొత్తం తెరిచిన ఇసుక తీరం. గాలినీ కెరటాన్నీ ఆపేలా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ ముక్కు లేదు, దీవి లేదు. దక్షిణ మహాసముద్రంలో పుట్టిన అలలు కూడా అడ్డు లేకుండా వచ్చి తగులుతాయి. ఒడ్డు ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది కాబట్టి కెరటం దూరంగా విరిగి, నురగై, నీరసించి రాదు. ఒడ్డు దాకా నిండుగా వచ్చి, కాళ్ల దగ్గరే నిలువునా కూలుతుంది. ఒంటి మీద పాతిక కిలోల సామాను ఉన్న మనిషి అలాంటి కెరటం కింద పడితే లేవడం కష్టం. లేచేలోపు రెండోది వస్తుంది.

ఇసుక కూడా ఉన్నచోట ఉండదు. నైరుతి రుతుపవనాల అలలు ఏటవాలుగా తగలడం వల్ల ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక తీరం వెంబడి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. రుషికుల్య ముఖద్వారం పక్కన పొడంపేట ఊరినే సముద్రం కోసుకుపోయింది. అలాంటి నీళ్లలో అడుగున ఇసుక ఎప్పుడూ లేచే ఉంటుంది. చెయ్యి చాపితే వేళ్లు కనిపించని రోజులే ఎక్కువ. దిగినా చూడటానికి ఏముంది? ఇసుకే.

ఇంకో రెండు సంగతులు. గోపాల్‌పూర్‌లో సైన్యం వాయు రక్షణ శిక్షణ సంస్థకు సముద్రం వైపు కాల్పుల క్షేత్రం ఉంది. కాల్పుల రోజుల్లో జాలర్లకే హెచ్చరికలు వస్తాయి. రుషికుల్య దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెట్టేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. డైవింగ్‌కు నీళ్లు కాస్త బాగుండేదీ ఆ నెలల్లోనే. ఆ తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాని దారికి అడ్డం పోకూడదు.

ముందు ఎక్కే చోటు

ఒడ్డు డైవింగ్‌లో కొత్తవాళ్లు దిగే చోటే చూస్తారు. దిగేటప్పుడు ఓపిక ఉంటుంది, సిలిండర్ నిండుగా ఉంటుంది, కెరటం ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. నచ్చకపోతే దిగడం మానుకోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు ఇవేవీ ఉండవు. కాళ్లు అలసి ఉంటాయి, గాలి అయిపోవస్తుంది, కెరటం వెనక నుంచి వస్తుంది. మానుకునే వీలు అసలే లేదు. ఒడ్డు డైవింగ్‌లో దెబ్బలు చాలావరకు తగిలేది ఆ చివరి పది మీటర్లలోనే. అందుకే చోటు మంచిదా కాదా అన్నది ఎక్కే దారి చూసి తేల్చాలి. రెండో ఎక్కే దారి కూడా ఉందా అన్నది అంతకంటే ముఖ్యం. ఒకటే దారి ఉన్న చోటు ఎంత అందమైనదైనా కొత్తవాళ్లది కాదు.

మంచి ఎక్కే దారి ఇలా ఉంటుంది. రెండు రాతి గట్ల మధ్య కనీసం పదిహేను, ఇరవై మీటర్ల వెడల్పు ఇసుక సందు. అడుగు మెల్లగా లేస్తూ రావాలి, అంటే పది మీటర్లు నడిస్తే లోతు మీటరుకు మించి తగ్గకూడదు. ఒడ్డు మీద నీళ్లలోంచి కూడా కనిపించే గుర్తు ఒకటి ఉండాలి: గుడి, టవర్, ఒంటి తాటిచెట్టు, ఏదైనా సరే. సందు వెడల్పు తక్కువైతే కెరటం లోపలికి తోసుకొచ్చి, తిరిగి పోయేటప్పుడు అంతే వేగంతో బయటికి ఈడుస్తుంది. మనిషి నేరుగా పక్క రాయికి తగులుతాడు.

రాళ్ల మీంచి నేరుగా ఎక్కుదాం అనుకునేవాళ్లు ఒకసారి పాటు వేళ, అంటే సముద్రపు నీళ్లు తగ్గినప్పుడు, ఆ రాయిని దగ్గర నుంచి చూడాలి. పైన ఎండకు ఎండిన నల్లటి పొర. దాని కింద జానెడు మేర తెల్లగా, గుండ్రంగా, అంచులు బ్లేడులా ఉండే చిన్న గుల్లలు గుత్తులుగా ఉంటాయి. ఇంకా కిందకు ఆకుపచ్చ నాచు, కాలు పెడితే నిలవదు. నాచు మీద జారి, గుల్లల మీద చెయ్యి ఆనిస్తాం, అరచెయ్యి చీరుకుపోతుంది. పగుళ్లలో సీ అర్చిన్‌లు, అంటే ముళ్ల బంతుల్లాంటి జీవులు, కూర్చుని ఉంటాయి. వాటి ముల్లు బూటు మడమలోంచి కూడా దిగి లోపలే విరుగుతుంది. కొత్తవాళ్లు రాయి పక్కన ఈదాలి గానీ రాయి ఎక్కకూడదు.

ముక్కు చాటు

ఇక్కడి తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, ఎదురుగా ఆగ్నేయం. ఏడాదిలో ఎక్కువ కాలం పెద్ద అలలు వచ్చేది దక్షిణం వైపు నుంచి. అందుకే కొండ ముక్కు సముద్రంలోకి చొచ్చుకొచ్చిన చోట, దాని ఉత్తరపు పక్కన ఉండే గుంట చాటుగా ఉంటుంది. విశాఖ హార్బర్ కుదిరిందే డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున. చిన్న ముక్కులకూ ఇదే సూత్రం. అక్టోబరు తర్వాత ఈశాన్యపు గాలి మొదలైతే లెక్క తిరగబడుతుంది, నిన్నటి చాటు ఇవాళ ఎదురు అవుతుంది. చోటును పేరుతో కాక దిక్కుతో గుర్తుపెట్టుకోవాలి అనేది ఇందుకే.

కెరటం ఎత్తుకు కొలత కావాలంటే అది ఎంత లోతులో విరుగుతుందో చూడండి. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతులో విరుగుతుంది. నడుం లోతు నీళ్లలో, అంటే మీటరు లోతులో విరుగుతోందంటే దాని ఎత్తు ముప్పావు మీటరు. కొత్తవాళ్లకు అర మీటరు చాలు. మోకాలి ఎత్తు దాటితే పక్కనున్న శిక్షకుడితో మాట్లాడాలి, నడుం దాటితే టిఫిన్‌కు వెళ్లిపోవాలి. ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలు అవుతుంది. కాబట్టి ‘కాస్తే కదా పెరిగింది’ అనే మాట చెల్లదు.

ఎత్తు కంటే ఎక్కువ మోసం చేసేది అలల మధ్య వ్యవధి. ఇన్‌కాయిస్, అంటే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం, రోజూ ఇచ్చే సూచనలో అల ఎత్తుతో పాటు వ్యవధి, దిశ కూడా ఉంటాయి. చాలామంది ఎత్తు చూసి వదిలేస్తారు. ఆరు సెకన్లకో అల వస్తోందంటే అది స్థానిక గాలికి లేచిన చిన్న అల. దాని కదలిక సుమారు 28 మీటర్ల లోతుతో ఆగిపోతుంది. పన్నెండు సెకన్లకో అల అంటే ఎక్కడో దూరపు తుపానులో పుట్టినది. దాని కదలిక వంద మీటర్ల లోతు దాటి తెలుస్తుంది. మీరు దిగే ఎనిమిది మీటర్ల నేల మీద అది ఇసుకంతా లేపుతుంది, మిమ్మల్ని రెండు మీటర్లు ముందుకీ రెండు మీటర్లు వెనక్కీ ఊపుతుంది. మీటరు ఎత్తు, పన్నెండు పద్నాలుగు సెకన్లు అని రాసి ఉంటే పైన నీళ్లు నున్నగా కనిపించినా ఆ రోజు వద్దు. ఇన్‌కాయిస్ ‘ఉప్పెన అలల’ హెచ్చరిక ఇచ్చిన రోజు గురించి చెప్పనక్కర్లేదు.

సామాను విప్పకముందే ఇరవై నిమిషాలు ఊరికే నిలబడి చూడాలి. కెరటాలు గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి, తర్వాత కాసేపు నిమ్మళం. పెద్ద గుంపు ఎంతసేపటికి వస్తోంది, నిమ్మళం ఎన్ని సెకన్లు అన్నది ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కేయండి. ఐదు నిమిషాలు చూసి దిగినవాడికి పెద్ద గుంపు కనిపించకుండానే పోవచ్చు. అలలు విరగని నల్లటి పట్టీ ఒకటి ఒడ్డు నుంచి లోపలికి పోతూ, దాని మీద నురగ బయటికి సాగుతుంటే అది ఈడ్చే పాయ. కొత్తవాళ్లకు అదే ప్రశాంతంగా కనిపిస్తుంది. అక్కడే దిగుతారు.

పంచాంగం పనికొచ్చే చోటు

విశాఖ దగ్గర పోటుకూ పాటుకూ తేడా పెద్ద పోటుల్లో సుమారు ఒకటిన్నర మీటర్లు. వినడానికి చిన్నదే. రాళ్ల ఒడ్డు రూపం మొత్తం మార్చేది అదే. పాటు వేళ కనిపించిన ఇసుక సందు పోటు వేళ నీళ్లలో మునిగి, కెరటం నేరుగా వెనక బండకు కొడుతుంది. పోటులో సాఫీగా దాటిన బండ పాటులో మోకాలికి తగులుతుంది.

ఇక్కడ ఇంట్లో ఉన్న క్యాలెండరు చాలు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు తేడా అన్నిటికంటే ఎక్కువ. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు, అంటే నవమి, దశమి రోజుల్లో అన్నిటికంటే తక్కువ. కొత్తవాళ్లకు ఆ నవమి, దశములే మేలు. నీళ్లు అంతగా ఎక్కవు, తగ్గవు, ప్రవాహమూ మెల్లగా ఉంటుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఒక పౌర్ణమి నాడు ఫలానా చోట పోటు ఎన్నింటికో రాసిపెట్టుకుంటే మరో పౌర్ణమికీ దాదాపు అదే వేళ. అసలు వేళలకు పోటుపాటుల పట్టిక చూసుకోవాలి, తేదీ ఎంచుకోవడానికి తిథి సరిపోతుంది. పోటు నిండి నిలబడే వేళకు అరగంట ముందు దిగి, నిలకడ వేళ మధ్యలో గడిచేలా చూసుకుంటే ఎక్కే దారి కూడా చూసినట్టే ఉంటుంది.

గంటల విషయంలో ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య వేళను వదులుకోకండి. తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది, నీళ్లు అణిగి ఉంటాయి. పదీ పదకొండుకు గాలి తిరిగి చిన్న అలలు లేస్తాయి.

నెలలంటారా, జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాట ఎత్తొద్దు. అక్టోబరు ఎండ బాగుందని మురిసిపోవద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. 2020 అక్టోబరులో వాయుగుండం తాకిడికి బంగ్లాదేశ్ సరకు ఓడ ఒకటి లంగరు తెగి విశాఖలో తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి వచ్చి పడింది. వంశధార, నాగావళి, గోస్తనీ వరద నీళ్లు తగ్గి, సముద్రం ఓ వారం నిమ్మళించాక, డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా అసలు కాలం. అప్పుడు కూడా అండమాన్ నీళ్లు ఆశించకండి. మూడు నాలుగు మీటర్లు కనిపిస్తే మామూలు రోజు, ఎనిమిది మీటర్లు కనిపిస్తే పండగ. మార్చి, ఏప్రిల్‌లో అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకి వచ్చే రోజులుంటాయి, మూడు మిల్లీమీటర్ల మందం వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూటు) లేకపోతే ఇరవయ్యో నిమిషానికే పళ్లు కొరుకుతారు.

ఉత్తరం నుంచి దక్షిణానికి

సోనపురం, బాహుదా ముఖద్వారం: ఇసుక, నది నీరు. వద్దు. బారువ ఎదురుగా చిల్కా అనే పాత స్టీమరు శిథిలం మునిగి ఉంది, దాని గురించి వినే కుర్రాళ్లకు మనసు లాగుతుంది. శిథిలం అంటే తుప్పు రేకులు, చిక్కుకున్న వలలు, పైగా తెరిచిన కెరటం. పడవ, అనుభవం, వల కోసే కత్తి ఉన్నవాళ్ల పని. విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర దీపస్తంభం కట్టిందే సముద్రంలోని రాళ్ల గురించి ఓడలను హెచ్చరించడానికి. ఆ రాళ్లు డైవింగ్‌కు మంచివే, కానీ ఒడ్డుకు దూరం, పడవ మీదే వెళ్లాలి.

ఒడ్డు నుంచి ఈదగలిగే రాళ్లు భీమిలి తర్వాతే. తూర్పు కనుమల కొసలు, మన గంజాం కొండల్లోనూ ఉన్న ఖోండలైట్ రాయి, ఇక్కడ సముద్రంలోకి దిగుతాయి. భీమిలి దగ్గర గోస్తనీ నది కలుస్తుంది కాబట్టి వానలు పడ్డ తర్వాత అక్కడి నీళ్లు చాలా రోజులు మట్టిగానే ఉంటాయి. ఎండాకాలం మొదట్లో మేలు. తొట్లకొండ ఎదురుగా మంగమారిపేట ఒడ్డున సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. అలాంటి రాతి గట్లే నీటి కిందా సాగుతాయి, మధ్యమధ్య ఇసుక సందులు. చదివిన లెక్కలన్నీ అక్కడ కళ్లకు కనిపిస్తాయి: ఏ గట్టు ఉత్తరపు పక్కన నీళ్లు అణిగి ఉన్నాయి, ఏ సందు వెడల్పు సరిపోతుంది. గట్టు పక్కనే నాలుగు నుంచి ఎనిమిది మీటర్ల లోతు దాటకుండా తిరిగితే చేపలూ, నాచూ, మెత్తటి పగడాలూ ఆ లోతులోనే చూడొచ్చు. కొత్తవాళ్లకు అంతకంటే లోతుతో పనిలేదు. ఊళ్లో జాలర్లు ఉంటారు కాబట్టి వలల సంగతి ముందే కనుక్కోవాలి.

రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు నీటి శుభ్రతకూ, వసతులకూ, ఒడ్డున కాపలాకూ సంబంధించింది, కెరటానికి కాదు. అక్కడ ఈడ్చే పాయలు ఉంటాయి, జెట్ స్కీలు, పడవలు తిరుగుతాయి. పొద్దున్నే, జనం రాకముందు, కొండ పక్క రాళ్ల దగ్గర శిక్షకుడితో అయితే మొదటి డైవ్‌కు సరే. యారాడ మూడు పక్కలా కొండలతో ఎంత అందంగా ఉన్నా అక్కడి కెరటం నమ్మదగింది కాదు. హార్బర్ వైపు, నేవీ స్థావరం వైపు సామానుతో పోతే అనుమతి లేకుండా ఎవరూ ఊరుకోరు. తీరంలో ఎక్కడ దిగినా ముందురోజు స్థానిక మెరైన్ పోలీసులకు ఒక మాట చెప్పి ఉంచడం మంచిది. నల్ల సూట్లు వేసుకుని తెల్లవారుజామున సముద్రంలోంచి లేచే మనుషుల్ని చూస్తే జాలర్లు ఫోన్ చేస్తారు, చెయ్యాలి కూడా.

అన్నీ విన్నాక ‘మొదటి డైవ్ సుఖంగా జరగాలి’ అనిపిస్తే అండమాన్‌లో హేవ్‌లాక్ దీవి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) రెండో నంబరు బీచ్ ఎదురుగా ఉన్న నీమో రీఫ్ ఉంది. ఒడ్డు నుంచే దిగొచ్చు, మెల్లటి వాలు, ఇసుక అడుగు. డబ్బుంటే మొదట అక్కడ నేర్చుకుని, తర్వాత విశాఖ రాళ్ల దగ్గరికి రావడం తెలివైన వరస.

సామాను, బరువు, గాలి

మామూలుగా వాడే అల్యూమినియం సిలిండరులో 11 లీటర్ల చోటు ఉంటుంది, 200 బార్ ఒత్తిడికి నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి. ఆ గాలి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది. అంటే డైవ్ చివరికి మీరు సుమారు రెండు కిలోలు తేలికవుతారు. పడవ డైవ్‌లో ఇది చిన్న చిరాకు. ఒడ్డు డైవ్‌లో మూడు మీటర్ల లోతులో ఉండాల్సిన మనిషి బుడగలా పైకి లేచి కెరటాల మధ్య తేలతాడు. అందుకే బరువు సరిచూసేటప్పుడు నిండు సిలిండర్‌తో, బీసీడీలో (గాలి నింపితే తేల్చే జాకెట్టులో) గాలి తీసేసి, మామూలు శ్వాసతో నిలబడితే నీళ్లు కంటి ఎత్తుకు రావాలి. ఆ పైన రెండు కిలోలు కలపాలి. వెయిట్ బెల్టు బకిల్ ఒక్క లాగుతో ఊడేలా, ఏ పట్టీ కిందా ఇరుక్కోకుండా ఉండాలి. కెరటంలో మునిగినప్పుడు మొదట వదిలేయాల్సింది దాన్నే.

కొత్తవాళ్లు నిమిషానికి 25 లీటర్ల దాకా పీలుస్తారు. ఎనిమిది మీటర్ల దగ్గర ఒత్తిడి 1.8 రెట్లు కాబట్టి అది 45 లీటర్లు. మామూలుగా 50 బార్ మిగలాలని చెబుతారు, కెరటాల ఒడ్డుకు 70 పెట్టుకోండి. ఎక్కడం ఆలస్యమై, నీళ్ల పైన ముఖం మీద కెరటం కొడుతుంటే సిలిండర్ గాలి పీల్చే రెగ్యులేటర్ నోట్లోనే ఉండాలి, ఆ మిగులు గాలి అప్పటికి. మిగిలిన 130 బార్, అంటే సుమారు 1,430 లీటర్లు, ముప్పై నిమిషాల చిల్లరకు వస్తాయి. పోయేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం: గాలి గేజి 135 బార్ చూపగానే వెనక్కి. ఇద్దరిలో ఎవరిది ముందు 135కు వస్తే ఆ లెక్కే ఇద్దరిదీ.

బూట్లు మందపాటి అడుగువి, వెనక పట్టీ ఉన్న ఫిన్స్ (ఈతకు పాదాలకు వేసుకునే రెక్కలు), పలుచటి గ్లౌజులు, కంపాస్, చిన్న కత్తెర, పైన జెండా కట్టిన తేలే బోయ. మొదటిసారి చాలామంది వదిలేసేది బోయనే. ఫైబర్ తెప్పలు ఇంజన్లతో రాళ్ల పక్కనుంచే పోతాయి, నీళ్లలో తల వాళ్లకు కనిపించదు.

దిగడం

సామాను ఒడ్డున నీరు తగలని చోట వేసుకుని, బడ్డీలు, అంటే జతగా దిగే ఇద్దరూ, ఒకరినొకరు సరిచూసుకోవాలి. మాస్క్ ముఖానికి, దాని పట్టీ వెట్‌సూట్ టోపీ కింద. కెరటం మొదట ఎత్తుకుపోయేది మాస్క్‌నే. రెగ్యులేటర్ నోట్లో. బీసీడీలో కొద్దిగా గాలి, ఛాతీ తేలేంత. పెద్ద గుంపు చివరి కెరటం విరగగానే కదలాలి. నీళ్లు తొడల దాకా వచ్చేవరకు కాళ్లు ఎత్తి వేయకుండా ఇసుక మీద రాసుకుంటూ పక్కవాటంగా నడవాలి. ఇసుకలో పడుకున్న టేకు చేప ఆ చప్పుడుకు తప్పుకుంటుంది, అడుగు దాని మీద పడితే తోక ముల్లు దిగుతుంది. దిగితే కాలు భరించగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, నొప్పి తగ్గేదాకా పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి.

తొడ లోతులో బడ్డీ భుజం పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు ఫిన్స్ వేసుకోవాలి. వంగి రెండు చేతులతో ఫిన్ పట్టీ సర్దుకునేవాడు కెరటాన్ని చూడడు, అందుకే ఒకరు చూడాలి. తర్వాత నడక లేదు, ఈతే. ఎదురొచ్చే కెరటం నురగైతే కిందకు తల వంచి దూరిపోవాలి, ఎగరకూడదు. కెరటాలు విరిగే గీత దాటి, రెండు మూడు కెరటాల దూరం పోయాక ఆగి, ఊపిరి నెమ్మదించి, కంపాస్ మీద ఒడ్డు దిక్కు గుర్తుపెట్టుకుని అప్పుడు మునగాలి. చాలామంది ఇక్కడే అలసిపోతారు. అలసితే మునగకుండా వెనక్కి రావడంలో సిగ్గు లేదు.

కింద రాతి గట్టు ఎడమ భుజం వైపు పెట్టుకుని పోతే, వచ్చేటప్పుడు కుడి భుజం వైపు. మూడు మీటర్ల చూపులో కంపాస్ కంటే గట్టే నమ్మకమైన దారి. ఊగే నీళ్లలో ఊపుకు ఎదురు తన్నితే గాలి ఖర్చు తప్ప కదలిక ఉండదు. ముందుకు ఊపినప్పుడు తన్ని, వెనక్కి ఊపినప్పుడు ఆగాలి. బడ్డీ కనిపించకపోతే ఒక్క నిమిషం చుట్టూ చూసి, మెల్లగా పైకి రావడం, పైన కలుసుకోవడం. పైకి వచ్చే వేగం నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకూడదు. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల ఆగడం తక్కువ లోతు డైవ్‌కైనా అలవాటు చేసుకోవాలి. ఊపిరి బిగబట్టి పైకి రావడం రెండు మూడు మీటర్ల లోతు నుంచి కూడా ఊపిరితిత్తులను చీల్చగలదు. లోతు తక్కువని ఆ నియమం సడలదు.

వల తగిలితే ఎక్కువమంది చేసే పొరపాటు గిరగిరా తిరగడం. నైలాన్ దారం సిలిండరు వాల్వుకు ఇంకా చుట్టుకుంటుంది. ఆగాలి, వెనక్కి అర మీటరు జరగాలి, బడ్డీ కత్తెరతో కోయాలి. అన్నిటికంటే తేలిక మార్గం ముందే అడగడం: ‘బావూ, ఈ రాళ్ల కాడ వలేసేరా?’ తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం ఉంటుంది. చిన్న తెప్పల వలలు అప్పుడు కూడా ఉంటాయి.

ఎక్కేటప్పుడు విరిగే గీత బయట నిలబడి మళ్లీ గుంపులు లెక్కేయాలి. చివరి పెద్ద కెరటం వెనకే, దాన్ని తోడు చేసుకుని, అడుగుకు దగ్గరగా ఈదుతూ రావాలి. చేతులు ఇసుకకు తగిలినా లేవొద్దు. మోకాళ్ల మీద, చేతుల మీద పాకుతూ నీళ్లు లేని చోటికి వచ్చాకే ఫిన్స్ తీయాలి. మోకాలి లోతులో లేచి నిలబడి గెలిచాననుకున్నవాడినే వెనక కెరటం పడేస్తుంది. ఈడ్చే పాయ పట్టుకుంటే దానికి ఎదురు ఈదకుండా ఒడ్డుకు సమాంతరంగా పోయి, కెరటాలు విరిగే చోట లోపలికి రావాలి. ఒక నాట్ ప్రవాహం అంటే సెకనుకు అర మీటరు, సామానుతో ఉన్న మనిషి ఎక్కువసేపు దాన్ని గెలవలేడు. ఎక్కే దారి మూసుకుపోయిందనిపిస్తే రెండో దారి దగ్గరికి బయటి నుంచే ఈదాలి. అదీ కుదరకపోతే బీసీడీ నింపి, బోయ పట్టుకుని, గీత బయటే తేలుతూ పడవ కోసం ఆగడం మేలు.

కోర్సు, ఘాట్ రోడ్డు

కోర్సు చేయకుండా శిక్షకుడి చెయ్యి పట్టుకుని దిగే పరిచయ డైవ్‌కు సాధారణ హద్దు 12 మీటర్లు, మొదటి సర్టిఫికెట్‌కు 18. రెండింటికీ ముందు ఆరోగ్య ప్రశ్నపత్రం ఉంటుంది. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ ఉంటే దాచకుండా రాసి డాక్టరు సంతకం తీసుకోవాలి. జలుబుతో దిగొద్దు, చెవులు సర్దుకోవు.

విశాఖ వచ్చినవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది డైవ్ తర్వాత. ఉదయం డైవ్, మధ్యాహ్నం అరకు అని ప్లాన్ వేసుకుంటారు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, దారిలో కనుమ ఇంకా ఎత్తు. ఒంట్లో కరిగి ఉన్న నత్రజని ఒత్తిడి తగ్గగానే బుడగలు కట్టే ప్రమాదం విమానంలో ఉన్నట్టే ఘాట్ రోడ్డు మీదా ఉంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగాకే కొండ ఎక్కాలి. రాయగడ, కొరాపుట్ వైపు ఇళ్లున్నవాళ్లకూ, మర్నాడు మహేంద్రగిరి అనుకునేవాళ్లకూ ఇదే లెక్క. అరకు చూడాలంటే ముందు చూసి తర్వాత సముద్రానికి రండి. బరంపురం తిరుగు రైలుకు ఈ బెడద లేదు, ఆ దారంతా సముద్ర మట్టానికి దగ్గరే. కీళ్లలో నొప్పి, చర్మం మీద మచ్చలు, కాళ్లు తిమ్మిరి మాత్రం రైల్లో ఉండగా మొదలైనా అలసట అని కొట్టిపారేయకుండా, డైవ్ చేసిన సంగతి చెప్పి ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి చేరాలి. డైవ్ చేయించినవాళ్ల ఫోన్ నంబరు, రీకంప్రెషన్ ఛాంబర్ (ఒత్తిడి పెంచి ఈ బుడగలకు చికిత్స చేసే గది) ఎక్కడుందన్న వివరం దిగకముందే కాగితం మీద రాసి బడ్డీ జేబులో ఒకటి, మీ సంచిలో ఒకటి పెట్టుకోండి.